రేవులో గండభేరుండాలు

గొడవ దిండు దగ్గర మొదలైంది.

కిటికీ పక్కనున్న చేతుల కుర్చీలో ఉండాల్సిన నీలం దిండు మరిది నడుం వెనక ఉంది. మామగారు స్నానం చేసి వచ్చి, కుర్చీ చూసి, కూర్చోకుండా నిలబడ్డారు. దిండేదని ఆయన ఎవర్నీ అడగలేదు. అలా నిలబడటమే ఆయన అడగడం. మరిది గోడకానుకుని నేల మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఫోను తుడుచుకుంటున్నాడు. వారమంతా కళ్ళద్దాల కొట్టులో నిలబడి అద్దాలు అరగదీసేవాడికి ఆదివారం ఒక్కపూట నడుం వెనక మెత్తగా ఏదైనా ఉంటే తప్పేమిటని అతని వాదన. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ దిండు తన కాలి కిందిదని మామగారి వాదన. అలమారలో వేరే దిండ్లున్నాయి. అవి ఇద్దరికీ అక్కర్లేదు.

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన వదిన, సంగతేమిటని కూడా అడగలేదు. దిండు లాగి కుర్చీలో వేసింది.

"నా మాట వినకుండానే తీర్పా వదినా?" అన్నాడు మరిది. "ఈ ఇంట్లో నాన్న కేసు ఎప్పుడూ ఓడదు. జడ్జి ఎప్పుడూ ఆయన పక్షమే."

"ఓడిపోయే కేసు నేనెప్పుడూ వెయ్యను," అన్నారు మామగారు దర్జాగా కాలు చాపుకుంటూ.

అక్కడితో ఆ గొడవ సద్దుమణిగింది. వదిన భోజనాల బల్ల మీది గిన్నెలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, లాప్‌టాప్ పెట్టింది. ఆన్‌లైన్ ఆటలో యుద్ధం ఉన్న ఆదివారాల్లో పొయ్యి బాధ్యత ఆమె భర్తది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆటంటే ఆయనకు ఆసక్తి లేదు గానీ, ఆట ఆడేవాళ్ళ ముఖాలంటే ఉంది. గరిటె పట్టుకుని గడపలో నిలబడి చూస్తుంటాడు. లిఫ్టుల మెకానిక్ ఉండే ఈ మేడకు లిఫ్టు లేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మామగారు మెట్లు దిగడం మానేశారు. ఓడరేవులో ముప్పొద్దులా క్రేన్ ఎక్కి, కింద మనుషుల్ని చీమల్లా చూసిన మనిషి మూడో అంతస్తులో గోడలు చూస్తూ కూర్చున్నారు. పిలిస్తే పలికేవారు, పెడితే తినేవారు, అంతే. ఆ రోజుల్లోనే మరిది ఆయన చేతిలో ఒక టాబ్ పెట్టి ఈ ఆట నేర్పాడు.

ఆటలో వదిన అసలు పేరు ఎవరికీ తెలియదు. మరిది పిలుపే అందరికీ అలవాటైంది. ఆమె ముఖం ఎరగనివాళ్ళు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా వదినా అనే అంటారు. ఐదు సైన్యాల కూటమికి ఆమె సేనాని. కోటను కాచే మరుగుజ్జు విలుకాళ్ళు ఆమెవాళ్ళు. చిరుతల మీద స్వారీ చేసే రౌతులు మరిదివాళ్ళు. వేరే ఊరినుంచి ఆడే ఒక బేకరీ ఆయనకు రాతిమనుషులు, ఇంకో ఊళ్ళోని నర్సుకు గాయాలు మాన్పే మంత్రగత్తెలు ఉన్నారు. ఆ ఇద్దరి గొంతులు మాత్రమే స్పీకర్లోంచి ఇంట్లోకి వస్తాయి. మామగారివి గండభేరుండాలు, రెండేసి తలల మహాపక్షులు. గుడ్డు పక్షి కావడానికి ఏడాది పడుతుంది. యుద్ధంలో చచ్చిన పక్షి మళ్ళీ రాదు. కూటమిలో అందరి సైన్యాలూ ఎన్నోసార్లు చచ్చి పుట్టాయి. మామగారి పక్షి మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పోలేదు. ఫోనులో ఎవరు పలకరించినా ఆయన ముందు చెప్పేది ఆ మాటే.

ఈ ఆదివారపు ఆట అలాంటిలాంటిది కాదు. ఆఖరి గంట మోగేలోగా కొండ మీది కోట పడిపోతే, లోపల పొదగేసిన గుడ్లతో సహా కాలిపోతుంది, కూటమి చెదిరిపోతుంది. మరిదికి అది ఒక ఓటమి, నాలుగురోజులు తిట్టుకుని మళ్ళీ మొదలుపెడతాడు. మామగారు మళ్ళీ మొదలుపెట్టరని వదినకు తెలుసు. టాబ్ బల్ల మీద పెట్టేసి, మళ్ళీ గోడలు చూస్తారు. కోట పోకూడదు, మామగారి పక్షులు పోకూడదు. ఆమె బల్ల ముందు కూర్చుంది ఈ రెంటినీ కాపాడటానికి.

అవతలి సేనానిని అందరూ మౌని అంటారు. ఎవరితోనూ ఒక్క అక్షరం రాసి ఎరగడు. ఆడో మగో కూడా తెలియదు. మాటా మంతీ లేకుండా వచ్చి, గెలిచి పోతాడు.

కోటకు రెండు దారులున్నాయి. ఒకటి ఏటి రేవు, రెండోది కొండల మధ్య కనుమ. ప్రతి వంతుకూ ఇసుక గడియారం నడుస్తుంది. ఇసుక జారిపోయేలోగా సేనాని ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించాలి. తర్వాత ఎవరి సైన్యాన్ని వాళ్ళే నడుపుకోవాలి. పటం మీద పొగమంచు కమ్మి ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళ సైన్యాలు తారసపడేదాకా కనిపించవు.

మొదటి వంతులో వదిన పక్షులతో సహా బలమంతా రేవు దగ్గర పెట్టింది. మౌని కనుమలోంచి వచ్చాడు. రెండో వంతులో బలాన్ని కనుమకు మార్చింది. మౌని రేవు దాటాడు. ఆ దెబ్బకు రేవు దగ్గర మిగిలిన మరిది రౌతులు సగానికి సగం ఏట్లో కొట్టుకుపోయారు.

"వీడికి మన ఇంట్లో చెవులున్నాయా?" అన్నాడు మరిది. లేచి నిలబడ్డాడు కూడా. తర్వాత స్పీకరు వైపు చూశాడు. అతని చూపు బేకరీ ఆయనకు కనబడకపోయినా, ఆ మౌనం అర్థమైనట్టుంది.

"తమ్ముడూ," అన్నాడు బేకరీ ఆయన నెమ్మదిగా, "ఇవి పిండి పిసికే చేతులు. చాడీలు మోసే చేతులు కావు."

తనేమీ అనలేదన్నాడు మరిది. అననక్కర్లేదన్నాడు ఆయన. నర్సు మధ్యలో కల్పించుకుని, తన డ్యూటీ మొదలయ్యే వేళవుతోందనీ, కొట్టుకోవాలంటే యుద్ధం అయ్యాక కొట్టుకోమనీ చెప్పింది. మామగారు మాత్రం తన పక్షుల్ని సవరించుకుంటూ, "నావాటికి ఈక కూడా ఊడలేదు," అన్నారు.

ఆ మాట దగ్గర వదిన వేలు ఆగింది.

గిన్నె అడుగు చూసి ఎవరు ఎంత తిన్నారో చెప్పగల మనిషి ఆమె. గడప దగ్గర చెప్పులు విడిచిన తీరు చూసి, వచ్చినవాళ్ళు ఏ మాట మోసుకొచ్చారో ఊహించగలదు. ఈ ఒక్క సంగతి ఇన్నాళ్ళూ ఎలా చూడలేదో ఆమెకే అర్థం కాలేదు. మౌనితో లోగడ జరిగిన యుద్ధాల పటాలు ఒక్కొక్కటే తెరిచింది. ఆఖరి వంతు ఇసుక జారుతోంది. ప్రతి పటంలోనూ ఒకే తంతు. పొగమంచు అందర్నీ దాస్తుంది, గండభేరుండాలను తప్ప. అవి అంత పెద్దవి. నేల మీద నిలబడినా నాలుగు తలలో, నలభై తలలో మంచు పైకి తేలి కనిపిస్తూనే ఉంటాయి. అవి ఏ దారిలో ఉంటే, మౌని రెండో దారిలో వచ్చాడు. ప్రతిసారీ.

ఎందుకంటే, ఆమె మామగారిని ఎప్పుడూ ప్రమాదం రాని చోటే నిలబెట్టింది. ఆయన ముందు రాతిమనుషుల్ని గోడలా పేర్చింది. పేర్చి, దానికి వ్యూహమని పేరు పెట్టుకుంది. వెనకదళం, ఆపద్బలం అని అందరికీ చెప్పింది, తనూ నమ్మింది. కాపలాకు పోయిన రాతిమనుషులు రెండో దారిలో ఉండరు కదా. ఆ దారి ఎంత పలచబడిందో మౌనికి ఎవరూ చెప్పక్కర్లేదు, మంచు మీద తేలే తలలు చూస్తే చాలు. ఇంట్లో దొంగ కోసం దీపం పట్టుకుని వెతికితే, అద్దంలో తన ముఖమే కనబడినట్టయింది ఆమెకు.

తెలిశాక, ఏం చెయ్యాలో కూడా వెంటనే తెలిసింది.

పక్షుల్ని ఎప్పటిలాగే ఒక దారిలో, రేవు దగ్గర, నిలబెట్టాలి. మౌని నమ్మకంగా కనుమలోకి వస్తాడు. ఈసారి కనుమలో రాతిమనుషులు, రౌతులు, మంత్రగత్తెలు అందరూ మాటువేసి ఉండాలి. అంటే రేవు దగ్గర కాపలా ఉండదు. పక్షులున్న చోటికి మౌని ప్రతిసారీ ఒక బల్లెగాళ్ళ దండును పంపుతాడు, అవి ఎగిరి సాయానికి పోకుండా. ఇంతవరకూ ఆ బల్లేలు రాతికి తగిలి విరిగేవి. ఇప్పుడు రెక్కల్లో దిగుతాయి. ఎగిరిపోదామా అంటే, ఎగిరిన మరుక్షణం కాపలా లేదని మౌనికి తెలిసిపోతుంది. కనుమ గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు. కాబట్టి ఎగరకూడదు. రెక్కలు ముడుచుకుని దెబ్బలు తింటూ నిలబడాలి.

పాము చావాలి, కర్ర విరగకూడదని ఇన్నాళ్ళూ ఆడింది. ఇప్పుడు విరగాల్సిందే కర్ర.

ఆమె మైకు ఆపేసింది. మరిది దగ్గరికి వంగి, నాలుగు ముక్కల్లో చెప్పింది. అతను తండ్రి వైపు చూసి, గొంతు తగ్గించాడు. కారణం చెప్పొద్దన్నాడు. సేనాని ఆజ్ఞ ఇస్తే చాలు, ఆయన నిలబడతారు. పోయాక అదృష్టం బాగాలేదనుకుంటారు. కారణం చెబితే ఇన్నేళ్ళ గొప్ప ఒక్క నిమిషంలో గాలికి పోతుంది.

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. వదిన ఇసుక వైపు చూసింది. సగం కన్నా తక్కువే ఉంది. తెలియకుండా ఆయన్ని కాపాడటమే ఇంతదాకా తెచ్చింది. తెలియకుండా బలిపెట్టడం కూడా తనే చెయ్యాలా? ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"మామగారూ, మీరు రేవు దగ్గర నిలబడాలి. ఏం జరిగినా రెక్క విప్పకూడదు."

"కాపలా ఎవరు?"

"ఎవరూ ఉండరు."

ఆయన టాబ్ మీంచి తలెత్తారు. ఎందుకని అడిగారు. ఆమె చెప్పింది. మెత్తగా చెప్పాలని చూసింది గానీ, అంత సమయం లేదు. ఆయన ఎక్కడున్నారో చూసి మౌని దారి ఎంచుకుంటున్నాడని, తను ఆయన్ని ఎప్పుడూ సురక్షితమైన చోటే పెట్టిందని, అందువల్లే పక్షులు మిగిలాయని చెప్పింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

గడపలో ఆమె భర్త గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయాడు. మామగారు కిటికీలోంచి ఎదుటి మేడ నీళ్ళ ట్యాంకు వైపు కాసేపు చూశారు.

"అయితే, నా పక్షులు బతకడంలో నా పనితనమేమీ లేదన్నమాట."

అవునంటే ఒక దెబ్బ, కాదంటే ఇంకో అబద్ధం.

"ఇసుక అయిపోతోంది. వెళ్ళి నీ పని చూసుకో," అన్నారు ఆయన. ఆ గొంతు ఆమె ఇంతకుముందు వినలేదు. క్రేన్ మీంచి కిందివాళ్ళను అదిలించే గొంతు అదే అయివుంటుంది.

ఆమె బల్ల దగ్గరికి పరుగున వచ్చి, మైకు తెరిచి, ఎవరెక్కడో చెప్పింది. రాతిమనుషుల్ని కనుమకు పంపమనగానే మరి పెద్దాయన సంగతేమిటని బేకరీ ఆయన అడిగాడు. పెద్దాయనకు తెలుసంది. ఇక అటువైపు నుంచి ప్రశ్న రాలేదు. ఆఖరి ఇసుక రేణువు జారింది.

కనుమలో మంచు కదిలింది. మౌని ప్రధానసైన్యం, ఏనుగుల మీద ఇనుప బురుజులు, లోపలికి రావడం మొదలైంది. ఇంకా రావాలి. తోక కూడా లోపలికి వస్తేనే వల మూయాలి. అదే సమయంలో రేవు అవతల రెల్లుగడ్డిలోంచి బల్లెగాళ్ళు లేచారు.

మొదటి విడత బల్లేలు పక్షుల రొమ్ములకు తగిలాయి. మామగారి టాబ్‌లోంచి ఒక అరుపు వినిపించింది. ఆటలో గండభేరుండం చచ్చేటప్పుడు ఎలా అరుస్తుందో ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు వినలేదు. ఆయన బొటనవేలు రెక్కల గుర్తు మీదే ఉంది. నొక్కితే అన్నీ లేచిపోతాయి, బతుకుతాయి. వదినకు తన తెర చూడాలో, ఆ వేలు చూడాలో తెలియలేదు. ఇంకో అరుపు. ఇంకొకటి.

కనుమలో ఏనుగులు నిలిచిపోయాయి.

మౌని అనుమానపడ్డాడు. ఇన్ని పక్షులు పడుతుంటే రాతిమనుషులు రాలేదేమని ఆలోచిస్తున్నాడు. సగం సైన్యం ఇంకా బయటే ఉంది. ఇప్పుడు వల మూస్తే తల చిక్కుతుంది, మొండెం పోయి కోట మీద పడుతుంది. మూయమంటావా, మూయమంటావా అని మరిది అడుగుతున్నాడు.

అప్పుడు మామగారి వేలు కదిలింది. రెక్కల గుర్తు మీదికి పోలేదు. కాళ్ళ గుర్తు మీదికి పోయింది.

గండభేరుండాలు నడవడం కూడా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అంతంత పక్షులు, రెక్కలు ఒంటికి కరుచుకుని, పెళ్ళిలో పట్టుచీర తడవకుండా బురద దాటే ఆడవాళ్ళలా అడుగులో అడుగేసుకుంటూ రేవులోకి దిగాయి. మరొకప్పుడైతే అందరూ నవ్వేవాళ్ళు. బల్లేలు దిగుతున్నాయి, పక్షులు పడుతున్నాయి, పడినవాటిని దాటుకుని వెనకవి నీళ్ళలోకి నడుస్తున్నాయి. ఇది వదిన ఇచ్చిన ఆజ్ఞ కాదు. ఆగండని అనబోయి, ఆమె నోరు మూసుకుంది. ప్రాణంలా దాచుకునే సైన్యాన్ని ముందుకు నడిపించాడంటే, దాని వెనక కొండంత బలముంటే తప్ప ఎవడూ ఆ పని చెయ్యడు. మౌని ఆలోచించేది అదే అయివుండాలి.

ఆలోచించాడు. కనుమ బయటున్న సగం సైన్యాన్ని వెనక్కి తిప్పి, కొండ చుట్టి రేవు వైపు పరిగెత్తించాడు. కనుమలో తల ఒక్కటే మిగిలింది, మొండెం లేదు.

"ముయ్యి," అంది వదిన.

తర్వాతిదంతా మరిది పని, బేకరీ ఆయన పని. రాతిమనుషులు కనుమ రెండు చివర్లా లేచి నిలబడ్డారు. మధ్యలో చిరుతలు దూకాయి. మౌని సగం సైన్యం రేవుకు చేరేసరికి అక్కడ కాపాడేవాడూ లేడు, కాపాడాల్సిందీ పెద్దగా మిగల్లేదు. అక్కడి నుంచి కోట కొండెక్కేలోపు ఆఖరి గంట మోగింది. కోట జెండా కోట మీదే ఉంది.

స్పీకర్లో నర్సు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. బేకరీ ఆయన మరిదిని తమ్ముడూ అని పిలిచి, ఈసారి మామూలుగానే, శభాష్ అన్నాడు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వదిన భర్త అప్పటికి గానీ పొయ్యి సంగతి గుర్తు తెచ్చుకోలేదు.

వదిన కిటికీ వైపు నడిచింది. మామగారి తెర మీద ఏరు ఎర్రగా పారుతోంది. ఒడ్డున ఒకే ఒక్క పక్షి, ఒక తల వాల్చి, ఇంకో తల ఎత్తి నిలబడి ఉంది. క్షమించండి అంది ఆమె. ఆయన వినిపించుకోలేదు. ఆయన బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, ఊపిరి ఎగిసిపడుతోంది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఉన్నారు. తెర మీద ఏదో వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, ఏదో కొట్టి, టాబ్ బోర్లా పెట్టేశారు.

భోజనాల దగ్గర మరిదే ఎక్కువ మాట్లాడాడు. మాడిన కూర మీద అన్నగారిని ఏడిపించాడు. కనుమ యుద్ధాన్ని మెతుకులతో బల్ల మీద మళ్ళీ వేసి చూపించాడు. వదినకు ముద్ద దిగడం లేదు. మామగారు ఏమీ మాట్లాడకుండా తింటున్నారు. ఆ మౌనం ఆమెకు పాతరోజుల్ని గుర్తుచేసింది. ఉండబట్టలేక తనే ఎత్తుకుంది. గుడ్లు భద్రంగా ఉన్నాయనీ, కూటమి మొత్తం ముందు వాటినే పొదిగిస్తుందనీ, పక్షులు మళ్ళీ రెక్కలొచ్చి ఎగిరేదాకా మామగారు కోట లోపలే ఉండొచ్చనీ, ఆయన మీద ఈగ వాలకుండా తను చూసుకుంటాననీ చెప్పింది.

మామగారు చెయ్యి ఆపారు.

"మౌని రాశాడు," అన్నారు.

మరిది నవ్వబోయి, తండ్రి ముఖం చూసి మానుకున్నాడు. మౌని ఎవరికీ రాయడే అన్నాడు.

"నాకు రాశాడు. రేవులో దిగింది ఎవరి బుర్ర, సేనానిదా నీదా అని అడిగాడు. నాదే అన్నాను. తన సైన్యంలో ముందు వరసలో చోటుంది, వస్తావా అన్నాడు."

"ఏమన్నావు నాన్నా?" అన్నాడు పెద్దకొడుకు.

"వస్తానన్నాను."

ఉండేది ఈ ఇల్లు, తినేది ఈ అన్నం, కొలువు శత్రువు దగ్గరా అని మరిది గొణిగాడు. మామగారు అతన్ని పట్టించుకోలేదు. కోడలి వైపు తిరిగారు.

"కోపం రాలేదని చెప్పనమ్మాయ్, వచ్చింది. దీనికి కారణం మాత్రం అది కాదు. ఇవాళ నీళ్ళలో దిగినప్పుడు నా వెనక ఎవరూ లేరు. ఎన్నాళ్ళైందో అలా ఉండి. నీ పక్కనుంటే నువ్వు మళ్ళీ గోడ కడతావు, కట్టకుండా ఉండలేవు. ఇప్పుడే కట్టావు, చూడు."

వదిన తల వంచుకుంది.

"గుడ్లు నువ్వే ఉంచుకో. ఉన్న ఒక్కదాన్నీ తీసుకుని వెళుతున్నాను," అన్నారు ఆయన. "వచ్చే ఆదివారం నీ కోట మీదికే వస్తాను. ఏ దారినొస్తానో మాత్రం అడక్కు."